ఒకటి తగ్గిన రోజు

మా ఊరి కేబుల్ చానల్లో నా పని టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాలు రాయడం. స్క్రోలింగ్ అంటాం. నీళ్లు రాని కాలనీలు, కరెంటు కోతలు, నగల దుకాణాల ప్రకటనలు, ఎవరో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు, వాటి మధ్యలో ప్రమాదాలు. ఈ ఉద్యోగమని తెలియగానే ఎవరైనా అడిగేది ఒకటే. ఆటో అతను అడుగుతాడు, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్నావిడ అడుగుతుంది.

"పొద్దున ఏడుగురు పోయారంతారు, మజ్జానానికి ఆరుగురంతారు, మల్లీ ఏడంతారు. సచ్చిపోయినోడు లేచొచ్చేత్తాడేటమ్మా?"

నవ్వుతూ అడుగుతారు. నేనూ నవ్వుతూ, పిల్లలకు పాఠం చెప్పినంత ఓపికగా చెప్పేదాన్ని. మొదట వచ్చే అంకెను ఎవరూ లెక్కపెట్టి ఉండరని, అది గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చినవాడి నోట్లోంచి వచ్చినదని చెప్పేదాన్ని. ఒకే మనిషిని ముందు దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడ నుంచి పెద్దాసుపత్రికి మారిస్తే రెండు చోట్లా అతన్ని తమ లెక్కలో వేసుకుంటారని, మన అంకెల్లో ఆ ఒక్కడే ఇద్దరవుతాడని చెప్పేదాన్ని. కనిపించనివాళ్లను ఒక చానల్ పోయినవాళ్లలో కలుపుతుంది, ఇంకో చానల్ కలపదు. పోలీసులది ఒక మాట, ఆసుపత్రిది ఒక మాట, యాజమాన్యానిది ఎప్పుడూ అన్నిటికన్నా చిన్న మాట. చివర్లో ఒక వాక్యం చెప్పి ముగించేదాన్ని. అంకె మారిందంటే అబద్ధమని కాదండీ, నిజానికి దగ్గరవుతోందని. ఆ వాక్యం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఇప్పుడు ఎవరడిగినా చెప్పడం లేదు. నాకేం తెలుసండీ, వాళ్లు పంపితే వేస్తాం అంటున్నాను. ఎందుకంటే ఒక రోజు అలాగే ఏడు ఆరైంది. ఆ తగ్గిన ఒకటి మా అన్నయ్య. వాడు లేచి రాలేదు.

మాది కంచరపాలెంలో రైలు పట్టాల వైపు పోయే సందు. అమ్మ, అన్నయ్య, నేను. అన్నయ్య ఊరి శివార్లలో ఒక రసాయనాల యూనిట్‌లో కాంట్రాక్టు మనిషి. ఆ యూనిట్ పేరు రాయను, రాసినా ఒరిగేదేమీ లేదు. ఎదురింట్లో వాడి స్నేహితుడు. ఇద్దరిదీ ఒకే కాంట్రాక్టరు, షిఫ్టులు మాత్రం వేరు. అతను అన్నయ్యను బావా అంటాడు, నన్ను సెల్లీ అంటాడు, మా అమ్మను అమ్మా అంటాడు. ఈ వరసలు ఎలా కుదురుతాయని మా సందులో ఎవరూ అడగరు. మా ఇంట్లో ఏ కూర వండినా ఒక గిన్నె ఎదురింటికి వెళ్లేది, కడిగిన గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు.

ఆ యూనిట్‌లో కాంట్రాక్టు వాళ్లకొక అలవాటు ఉంది. బదులు డ్యూటీ అంటారు. చెప్పకుండా ఒక పూట మానేస్తే కాంట్రాక్టరు వాడి గేటు పాసు ఇంకొకడికి ఇచ్చేస్తాడు. చెప్పి మానేద్దామంటే సెలవివ్వడు. గేటు బయట పనికోసం కాచుకుని ఉండేవాళ్లకేం కొదవ లేదు. అందుకని ఒకడికి ఇంట్లో పని పడితే, ఆ పూట ఖాళీగా ఉన్న ఇంకొకడు వాడి పాసు మెడలో వేసుకుని వెళ్లి పనిచేసి వస్తాడు. షిఫ్టు మారే తొక్కిసలాటలో సెక్యూరిటీ వాళ్లు పాసు రంగు చూస్తారు, నంబరు రాసుకుంటారు. చెమటకు మసకబారిన ప్లాస్టిక్ లోపల ఫొటోలో ఎవరున్నారో ఎవరికి కావాలి? మావాళ్లు దీన్ని తప్పనుకోరు, సాయమనుకుంటారు. అమ్మకు మాత్రం ఒళ్లు మండేది. "నీ డూటీ నీకు సాలదేట్రా? ఆళ్లందరి డూటీలూ నువ్వే సెయ్యాలేటి?" అని తిట్టేది. దాంతో అన్నయ్య బదులు వెళ్లినప్పుడల్లా ఇంట్లో వేరే మాట చెప్పి వెళ్లేవాడు.

ఆ రోజు అన్నయ్యకు వీక్లీ ఆఫ్. ఎదురింటివాళ్లు పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి సింహాచలం వెళ్తున్నారని మాకు తెలుసు, సెలవు దొరక్క అతను మాత్రం డ్యూటీకి వెళ్లాడనుకున్నాం. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే అన్నయ్య నూతి దగ్గర పళ్లు తోముకుంటున్నాడు.

"హార్బర్ కాడికి ఎల్తన్నాను. వంజరం దొరికితే తెత్తాను. పులుసెట్టమని అమ్మకి సెప్పు" అన్నాడు, నోటి నిండా నురగతో.

"నువ్వే చెప్పుకో" అని వచ్చేశాను.

మా ఆఫీసు సీతమ్మధారలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన. నేను సీట్లో కూర్చున్న రెండు గంటలకు మా రిపోర్టరు ఫోన్ చేశాడు. యూనిట్‌లో పేలుడు. ఆ పేరు వినగానే కుర్చీలోంచి లేచాను. వెంటనే అన్నయ్యకు ఆఫ్ కదా అని గుర్తొచ్చింది. ఫోన్ చేశాను, స్విచాఫ్. ఆఫ్ రోజున కాంట్రాక్టరు ఎక్కడ పిలుస్తాడోనని వాడు ఫోన్ ఆపేసుకుంటాడు. మంచి పని చేశాడని మనసులో మెచ్చుకున్నాను కూడా. డ్యూటీకి వెళ్లినవాళ్లు గేటు దగ్గర ఫోన్లు ఆపి అప్పగించాలన్న సంగతి నాకు తెలుసు. అది ఆ నిమిషంలో నాకు గుర్తురాలేదు.

ఇద్దరు మృతి అని వేశాను. తర్వాత ఐదుగురు. ఆ తర్వాత ఏడుగురు. ఆ ఏడు ఎక్కడిదంటే, గేటు దగ్గరిది. పొద్దున లోపలికి వెళ్లి, పేలుడు తర్వాత బయటికీ రాక, ఏ ఆసుపత్రిలోనూ దొరకని పాసులు ఏడు. అవి ఏడు పేర్లు. శవాలను ఇంకా ఎవరూ లెక్కపెట్టలేదు. మంటలు గట్టిగా ఉన్నాయని, లోపల ఎంతమంది ఉన్నారో రేపటికి గాని చెప్పలేమని ఫైరింజన్ వాళ్లన్నారు. పేర్ల లెక్క వేరు, శవాల లెక్క వేరు. రెండింటికీ మేం తెర మీద వాడే మాట మాత్రం ఒకటే.

ఏడు పేర్లూ వచ్చాయి. అందులో ఎదురింటతని పేరుంది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. అమ్మకు ఫోన్ చేస్తే సందంతా ఏడుపులే వినిపించాయి. ఇంతలో ఎవరో తెలివిగలవాడు అతని నంబరుకే ఫోన్ చేశాడట. కొండ మీద పాప గుండుకు గంధం రాస్తూ అతను ఫోన్ ఎత్తాడు.

ఇంకేముంది, మా రిపోర్టరు కెమెరాతో మా సందులోకి పరుగెత్తాడు. నేను పుట్టి పెరిగిన సందును ఆఫీసులో కూర్చుని లైవ్‌లో చూశాను. అతను పాపను ఎత్తుకుని ఆటో దిగుతున్నాడు. ఆడవాళ్లు మీద పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. మా అమ్మ అతని బుగ్గలు నిమిరి నిమిరి చూస్తోంది.

"నాను ఈయాల డూటీకి ఎల్లనేదండి. అప్పన్న సామి కాపాడేడు" అన్నాడు మైకులో.

"మరి మీ పాసు లోపలికి ఎలా వెళ్లింది?" అని మావాడు అడగనైతే అడిగాడు.

అతను పక్కకు చూశాడు. పాప గౌను సర్దాడు. "తెలవదండి. ఎక్కడో పడిపోనాది" అన్నాడు.

మావాడు అంతటితో సరిపెట్టుకుని, చనిపోయాడనుకున్న మనిషి సజీవంగా తిరిగొచ్చిన వైనం అంటూ అందుకున్నాడు. మా డెస్క్ ఇన్‌చార్జి నా వెనకాల నిలబడి, "ఏడు తీసెయ్. ఆరు చెయ్యి" అన్నాడు.

"సార్, పేరు తగ్గింది, సరే. ఆ పాసు వేసుకుని లోపలికెళ్లిన మనిషి ఎవరో ఉన్నారు కదా?"

"అది రేపు తేలుతుందిలే. పక్క చానల్ ఆరు పెట్టేసింది, చెయ్యమ్మా."

ఆరు చేశాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఒక అంకె కొట్టలేదు. బదులు డ్యూటీకి ఎవరో వెళ్లుంటారని నాకు తట్టింది. ఎవరో అనే తట్టింది. మా అన్నయ్య హార్బర్‌లో వంజరం బేరమాడుతున్నాడు కదా.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ ఎదురింటి గుమ్మంలో ఉంది. గుప్పిట్లో రాళ్లుప్పు, ఎండు మిరపకాయలు, ఆవాలు. చచ్చి బతికొచ్చినవాడికి ఎంత దిష్టి ఉంటుందని, వాళ్లావిడను కూడా ఆగమని, తనే తీస్తానంది. అతన్ని తూర్పు ముఖంగా నిలబెట్టింది. తల నుంచి పాదాల దాకా తిప్పి తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరోళ్ల దిష్టి, నా దిష్టి" అంటూ తీసి కుంపట్లో వేసింది. మిరపకాయలు చిటపటమన్నాయి గాని ఘాటు రాలేదు. "సూసేరా, ఎంత దిష్టి ఉన్నాదో" అంది అందరితో. అతను వంగి అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టాడు. "నూరేళ్లు బతకరా నాయినా" అంది అమ్మ.

నేను నవ్వుతూ అడిగాను. "అన్న ఎక్కడ? నీకోసం అందరూ ఏడుస్తుంటే వీడు చేపలు కొంటున్నాడా ఇంకా?"

"హార్బర్ కాడే ఉంటాడు సెల్లీ. వచ్చేత్తాడులే" అన్నాడు కుంపటి వైపు చూస్తూ.

తన పాసు ఎవరి మెడలో వేశాడో ఆ మనిషికి తెలుసు. పొద్దున కొండెక్కే ముందు తన చేత్తోనే ఇచ్చాడు. ఫోన్ ఎత్తి, నువ్వు చచ్చిపోయావంట కదరా అని అవతలివాడు అన్న క్షణంలోనే, తన బదులు ఎవరు పోయారో ఈ ఊళ్లో తెలిసిన ఒకే ఒక్కడు అతను. తెలిసి పాపను ఎత్తుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. తెలిసి మా అమ్మ చేత దిష్టి తీయించుకున్నాడు. తెలిసి ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాడు. భయపడ్డాడని కొందరంటారు. భయపడితే తలుపేసుకుని పడుకోవచ్చుగా. ఒంట్లో బాగాలేదని దిష్టి వద్దనొచ్చుగా. ఏదీ చెయ్యలేదు. తలొంచుకుని నిలబడ్డాడు, అంతే.

అన్నయ్య ఆ రాత్రి రాలేదు. హార్బర్‌లో స్నేహితులతో ఉండిపోయాడేమోనని అమ్మ పులుసు కోసం నానేసిన చింతపండు తీసి పక్కన పెట్టింది. తెల్లారి నేను టీవీ పెట్టాను. తెర అడుగున మా చానల్ అక్షరాలే పరుగెడుతున్నాయి. చికిత్స పొందుతూ మరొకరు మృతి. మృతుల సంఖ్య ఏడు.

"పాపం, ఏ తల్లి కన్న బిడ్డో" అంది అమ్మ, టీ గ్లాసు చేతికిస్తూ.

ఎవరు పోయారో కనుక్కుందామని ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. ఆయన మామూలుగా చెప్పాడు. మార్చురీలో లెక్కపెడితే ఏడు శవాలు తేలాయట. అధికారులు ఏడని చెప్పి ఊరుకున్నారట. నిన్న మనం ఆరన్నాం కాబట్టి ఒకటి ఎలా పెరిగిందో చెప్పకపోతే జనం ఫోన్లు చేస్తారు. "అందుకని చికిత్స పొందుతూ అని పెట్టించాను. ఎప్పుడూ పెట్టేదేగా" అన్నాడు.

నిజమే, ఎప్పుడూ పెట్టేదే. మా డెస్క్‌లో అందరి వేళ్లకూ అలవాటైన మాట అది. అంకె పెరిగినప్పుడు దానికి ఆనవాలు లేకుండా కప్పే మాట. రాత్రికి రాత్రి ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ పోలేదు. పేర్లు ఆరు, శవాలు ఏడు. నిన్న మధ్యాహ్నం నేను కొట్టేసిన ఒకటి, కొట్టేసిన చోటే పడి ఉంది. నేను అందరికీ పాఠంలా చెప్పిన లెక్కే అది. టీ గ్లాసు కింద పెట్టి, అమ్మకు ఆఫీసు అని చెప్పి, ఆటో ఎక్కాను.

మార్చురీ గేటు దగ్గర అతను నా కంటే ముందే ఉన్నాడు. నెత్తిన తువ్వాలు కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతన్ని చూశాక నాకు లోపలికి వెళ్లాల్సిన అవసరం లేకపోయింది. అయినా వెళ్లాను. మొహం చూపించమని నేను అడగలేదు, వాళ్లూ చూపించలేదు. సేఫ్టీ బూటు విప్పి కాలు చూపించారు. బూటు లోపల కాలికి ఏమీ కాలేదు. దానికి నా ఊదారంగు సాక్స్ ఉన్నాయి. వాడి సాక్స్ చిరిగిపోయాయని వారం నుంచీ చెబుతున్నాడు.

బయటికొస్తే అతను లేచి నిలబడ్డాడు.

"సెల్లీ..."

"నిన్న మధ్యాహ్నమే తెలుసు కదూ నీకు?"

"సెప్తే నా పాసు తీసేత్తారు సెల్లీ. పోలీసు కేసంతారు. సిన్న పిల్లది ఉన్నాది నాకు. బావ ఎలాగూ పోనాడు. నాను సెప్పినా సెప్పకపోనా ఆడు రాడు కదా."

"మా అమ్మ నీకు దిష్టి తీసింది."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది, కొట్టలేదు. ఇప్పటికీ కొట్టి ఉండాల్సింది అనిపిస్తుంది. పోలీసులడిగినా పాసు పోయిందనే చెప్పాడు. అంటే ఆ పాసు అన్నయ్యకు ఎక్కడో దొరికిందన్న మాట. దొరికిన పాసుతో దొంగలా గేటు దాటాడన్న మాట. వాడు సాయానికి వెళ్లాడని చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ చెప్పలేదు. ఏడో మనిషి తమ మనిషే కాదని యాజమాన్యం వాళ్లు ఆ మాట పట్టుకునే అంటున్నారు.

ఇన్‌చార్జికి ఫోన్ చేసి, ఏడో మనిషి మా అన్నయ్య సార్ అన్నాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు, నెల సెలవు తీసుకోమన్నాడు. ఆ చికిత్స పొందుతూ అన్నది తీసేయండి సార్, వాడికి ఎవరూ చికిత్స చెయ్యలేదు, పొద్దున్నే పోయాడు అన్నాను. ఆయన "అంకె కరెక్టే కదమ్మా" అన్నాడు. ఇన్నేళ్లుగా నేను నమ్మి చేసిన పని అది. అంకె కరెక్టయితే చాలనుకునే పని.

మూడో రోజున ఇంటినిండా జనం. అమ్మ గోడవారగా కూర్చుని ఉంది, ఏడవడం లేదు. ఆవిడ దేన్నో లెక్క చూసుకుంటోందని నాకు తెలియలేదు. ఎదురింటతను వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రావద్దని నేను చెప్పలేదు, ఎందుకంటే యూనిట్‌లో అన్నయ్య పోయాడని తప్ప అమ్మకు నేనింకా ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలి? ఉన్న ఒక్క కొడుకూ పోయిన ఆవిడకు, రెండో కొడుకులా చూసుకున్నవాణ్ని కూడా లేకుండా చెయ్యాలా? నాలుగు రోజులు పోనీ అనుకున్నాను.

అమ్మ అతని వైపు చూసి అడిగింది. "ఒరే, నువ్వు ఆసుపత్రి కాడికి ఎల్లేవంట కదరా. ఆడు ఒక రాత్రంతా బతికే ఉన్నాడంట కదా. టీవీలో సెప్పేరు. మాటాడేడేట్రా?"

అతను నా వైపు చూశాడు. నేను కదల్లేదు. ఇప్పుడైనా చెబుతాడేమోనని చూశాను, దేవుడి మీద ఒట్టు, అదే ఆశతో చూశాను. పొద్దున్నే పోయాడమ్మా, నా బదులు పోయాడమ్మా అని ఒక్క ముక్క. చాలు, అది చాలు, మిగతావన్నీ నేను మింగేస్తాననుకున్నాను.

"మాటాడేడమ్మా" అన్నాడు. "నిన్నే అడిగేడు. అమ్మేదీ, అమ్మ రానేదేటి అని అడిగేడు."

ఓదారుస్తున్నాననుకున్నాడో, తనను తాను కాపాడుకుంటున్నాడో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. అమ్మ ఏడవలేదు. మెల్లగా నా వైపు తిరిగింది.

"ఆడు ఆసుపత్రిలో నన్ను అడుగుతన్నాడని నీకు తెల్సు. మీ టీవీలోనే ఏసేరు. తెల్సీ నాకు సెప్పనేదు నువ్వు."

"లేదమ్మా, అది..."

"నన్ను తీసుకెల్లనేదు నువ్వు."

ఆ రోజు నుంచి అమ్మ నాతో అవసరమైతే తప్ప మాట్లాడదు. ఎదురింటతను వస్తే మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుంటుంది. ఇంకా ఏమన్నాడురా, నొప్పన్నాడా, మంచినీళ్లడిగాడా అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. అతను ఒక్కో రోజు ఒక్కో ముక్క చెబుతాడు. నేను లోపల గదిలో వింటూ ఉంటాను. ఆ తలుపు తీసుకుని వెళ్లి జరిగింది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. చెబితే అతను మా గుమ్మం ఎక్కడు, అమ్మ నన్ను మళ్లీ నమ్ముతుంది. కానీ చెప్పాలంటే, అన్నయ్య ఆవిణ్ని అడగలేదని చెప్పాలి. అసలు అడగడానికే వాడికి టైము లేకపోయిందని చెప్పాలి. అది నా నోటితో నేను చెప్పలేకపోతున్నాను.